లైను చివర ఊపిరి

ఆ రోజుల్లో కంప్యూటర్ల గురించి నాకు తెలియని సంగతంటూ ఒక్కటీ ఉండేది కాదు. డిగ్రీ చేతికొచ్చి నాలుగు నెలలూ, మొదటి ఉద్యోగంలో చేరి రెండు నెలలూ అయిన మనిషికి అన్నీ తెలిసే ఉంటాయి. ఇప్పుడు తల సగం నెరిశాక (రంగు వేస్తున్నాను కాబట్టి పైకి తెలియదు) ఎవరైనా వచ్చి "సార్, ఇది పనిచేయడం లేదు" అంటే "ఏమోనండీ, చూద్దాం" అంటున్నాను. అప్పుడైతే వాళ్లు మాట పూర్తి చేయకముందే "ఓస్, ఇదేనా!" అనేవాణ్ని. ఆ "ఓస్, ఇదేనా" దగ్గర్నుంచి ఈ "ఏమోనండీ" దాకా నన్ను ఒకే ఒక్క మధ్యాహ్నంలో పరిగెత్తించిన కథ ఇది. తల్చుకుంటే ఇప్పటికీ ముందు గుండె దడదడలాడుతుంది, తర్వాత నవ్వొస్తుంది, ఆ వెంటనే తుమ్మొస్తుంది.

తుమ్ము సంగతి ముందే చెప్పేయాలి. మా ప్రెస్సు గుంటూరులో మిర్చి యార్డుకి వెళ్లే రోడ్డు నుంచి లోపలికి చీలిన ఒక సందులో ఉండేది. గోడకి గోడ ఆనుకుని మిరపకాయల గోడౌను. వాళ్లు లారీ పెట్టి టిక్కీలు (మిరపకాయల బస్తాల్ని మా వైపు అలాగే అంటారు) దింపడం మొదలుపెట్టారంటే, కిటికీలు మూసినా, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కినా ఆ ఘాటు ఎలాగో ఒకలా లోపలికొచ్చి కూర్చునేది. పని మొదలుపెట్టబోతుంటే ఎవరైనా తుమ్మితే కాసేపు ఆగి, మంచినీళ్లు తాగి, అప్పుడు మొదలుపెట్టడం మన ఇళ్లలో అలవాటు కదా. మా ప్రెస్సులో ఆ శకునం పాటిస్తే ఒక్క పెళ్లికార్డు కూడా అచ్చయ్యేది కాదు. పెళ్లివారు కార్డుల మోడళ్లు చూద్దామని, శుభమా అని గడపలో కాలు పెట్టగానే అందరం ఒకేసారి తుమ్మి స్వాగతం చెప్పేవాళ్లం. మా ఓనరు వాళ్లని కూర్చోబెట్టి, "ఒంటి తుమ్మయితే కదండీ దోషం, మా దగ్గర ఎప్పుడూ డజన్ల లెక్కనే" అని సర్దిచెప్పేవాడు.

ఆ ఓనర్ని అందరం బాబాయి అనేవాళ్లం. వరసకి మాలో ఎవరికీ బాబాయి కాదు. పొట్ట పెద్దది, గొంతు అంతకంటే పెద్దది, మోకాళ్ల నొప్పులు. ఇంటర్వ్యూలో నన్నడిగిన ప్రశ్న ఒక్కటే: "ఏరా అబ్బాయ్, ఈ కంప్యూటర్లన్నీ ఒకదాంతో ఒకటి మాట్లాడుకునేట్టు చెయ్యగలవా?" నేనేమన్నానో మీకు తెలుసు. అన్నట్టే చేశాను కూడా. కింద గదిలో మూలనున్న కంప్యూటర్ని సర్వర్ చేసి, ప్రెస్సు ఫైళ్లన్నీ అందులో పడేశాను. మిగతావాటిల్లో జెడ్ డ్రైవ్ అని ఒక బొమ్మ కనిపిస్తుంది. అది నొక్కితే ఎవరు ఎక్కడ కూర్చున్నా అవే ఫైళ్లు తెరుచుకుంటాయి. పెన్ డ్రైవ్ పట్టుకుని మెట్లెక్కి దిగే బాధ తప్పింది. ("సర్వర్ పని చూస్తున్నాను" అని ఫోన్లో చెబితే, అద్దంకి దగ్గర మా ఊళ్లో మా అమ్మ ఆ పూట అన్నం మానేసింది, డిగ్రీ చదివించింది హోటల్లో ఇడ్లీలు అందించడానికా అని. ఇడ్లీలు కాదమ్మా, ఫైళ్లు అందించడం అని చెప్పాక, "ఏదో ఒకటి అందిస్తున్నాడు కదా, ఊరుకోవే" అన్నాడట మా నాన్న.) మా సందులో కరెంటు ఇష్టమొచ్చినప్పుడు పోయేది కాబట్టి ఇంకో తెలివైన ఏర్పాటు కూడా చేశాను. సర్వర్ అందకపోయినా పని ఆగకుండా, చివరిసారి చూసిన ఫైలు కాపీని ఏ కంప్యూటర్‌కి ఆ కంప్యూటరే దాచుకుంటుంది. సర్వర్ మళ్లీ అందగానే రెండింటినీ సరిచూసి, ఏది కొత్తదో దాన్ని తీసుకొచ్చి పాతదాని మీద రాసేస్తుంది. ఈ ఏర్పాటును మీరు కాస్త గుర్తుపెట్టుకోండి. నేనైతే చేసిన వారానికే మర్చిపోయాను.

ఆ ఏడాది మా దగ్గరికి అద్దంకి వైపు ఒక పల్లెటూరి చర్చి వాళ్ల పాటల పుస్తకం వచ్చింది. ఆ సంఘంలో పెద్దవాళ్లు కట్టుకుని పాడుకుంటూ వచ్చిన పాటలన్నీ ఒకే ఒక్క పాత పుస్తకంలో ఉన్నాయి. అట్ట ఊడిపోయింది, అక్షరాలు అరిగిపోయాయి. దాన్ని కొత్తగా అచ్చు వేయించి కోత పండుగ ఆదివారం నాడు అందరి చేతుల్లో పెట్టాలని అక్కడి పాస్టరు అయ్యగారు పట్టుబట్టారు. (కోత పండుగంటే ఆ ఏటి పంటలోంచి తలా కొంత తెచ్చి చర్చిలో అర్పించే రోజు. మా వైపు ఆ పంటలో సగం మిరపకాయలే కాబట్టి ఆ రోజు చర్చి కూడా మా ప్రెస్సులాగే ఉంటుంది.) టైపు చేసే పని అక్కది. అక్కంటే మా ప్రెస్సులో టైపు చేసే ఆవిడ, ఆవిడా వరసకి అక్క కాదు. ఆవిడ టైపు చేస్తుంటే వేళ్లు కనిపించేవి కావు, చప్పుడే వినిపించేది. పాత పుస్తకంలో 'ప'ని 'వ' కాకుండా ఆపే ఆ కాస్త సందు పూడిపోవడంతో 'పంట నిచ్చిన తండ్రీ' అని ఉన్న చోటల్లా 'వంట నిచ్చిన తండ్రీ' అని కొట్టుకుంటూ పోయింది. 'మా పాపములు క్షమించు' అన్నది ఒకచోట 'మా పాములు క్షమించు' అయింది. దానికి మాత్రం పుస్తకం అరుగుదల కాదు, అక్క వేగమే కారణం.

ఇవన్నీ దిద్దాల్సింది టీచరమ్మ గారు. ఆ సంఘం మనిషే, ఉద్యోగమంతా తెలుగు చెప్పి రిటైరై, గుంటూరులో చెల్లెలి దగ్గర ఉండేవారు. ఆవిడ ప్రూఫు చదివేవారు కాదు, పాడేవారు. పై గదిలో ఒక్కరే కూర్చుని ఒక్కో పాట గొంతెత్తి పాడుతూ, నాలుక ఎక్కడ తట్టుకుంటే అక్కడ తప్పుందని పట్టేవారు. ఎడమ కంట్లో శుక్లం ముదిరిపోయింది, కుడి కంట్లో మొదలైంది. ఆపరేషన్‌కి రోజు కూడా ఇచ్చేశారు, పండుగ మర్నాడు సోమవారం. ఆ తర్వాత నెల దాకా పుస్తకం ముట్టుకోకూడదన్నారట. "మసకో, మబ్బో, ఈ కంటితోనే ఆ పని ముగించి, ఆదివారం పుస్తకం చేతిలో పట్టుకుని పాడి, సోమవారం పోయి బల్ల మీద పడుకుంటాను బాబూ" అనేవారు. కాగితాల మీద ఎర్రసిరాతో దిద్దుతానని మొదట్లో ఆవిడ ఎంతో బతిమాలారు. వద్దన్నది నేనే. "కాగితాలెందుకండీ ఈ కాలంలో? డైరెక్టుగా కంప్యూటర్లోనే దిద్దేయండి, నేను నేర్పిస్తాగా" అన్నాను. పాపం, ఒక్క వేలితో, తెరకి ముక్కు ఆనించి, నలభై రోజులపాటు దిద్దారు. అంతా జెడ్ డ్రైవులోనే. కాగితం మీద ఒక్క గీత కూడా లేదు.

ఆ మంగళవారం పొద్దున్నే ఆవిడ కిందికొచ్చి, "అయిపోయింది బాబూ" అన్నారు. గురువారం అచ్చు మొదలుపెడితేగానీ ఆదివారానికి బైండింగ్ కాదు. ఆవిడ ఇంకోసారి మొదట్నుంచీ పాడుకుంటానని పైకి వెళ్లబోతుంటే నేను ఛాతీ విరుచుకుని అడ్డంపడ్డాను. "మీకెందుకండీ శ్రమ! అక్క ఫైలూ మీ ఫైలూ పక్కపక్కన పెడితే మీరు దిద్దినవన్నీ ఎర్రగా చూపించే ఎడిటర్ ప్రోగ్రాము ఉంది నా దగ్గర. కంపేర్ అని నొక్కడమే. నిమిషం పట్టదు" అన్నాను. ఆవిడ నవ్వి, "సరే, నువ్వు నొక్కు, నేను పాడుకుంటాను" అని మెట్లెక్కి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సర్వర్ ముందే కూర్చుని, బాబాయినీ అక్కనీ వెనక నిలబెట్టుకుని, గారడీవాడిలా చేతులు దులుపుకుని, 'పాటలు అక్క', 'పాటలు టీచర్' అని ఉన్న రెండు ఫైళ్లనీ తెరిచి కంపేర్ నొక్కాను. తెరంతా ఎర్రబడింది. అక్కడక్కడా కాదు, మొదటి లైను నుంచి చివరి లైను దాకా ఒక్క లైను కూడా వదలకుండా ఎరుపే. కిందికి జరిపాను, ఎరుపు. ఇంకా కిందికి, ఇంకా ఎరుపు. రెండు వైపులా అవే మాటలు, అవే అక్షరాలు. కానీ ఎడిటర్ మాత్రం తేడా, తేడా, తేడా అంటోంది.

"ఏరా, పుస్తకం మొత్తం తేడాయేనా? అక్క ఒక్క లైను కూడా సరిగ్గా కొట్టలేదా?" అన్నాడు బాబాయి.

అక్కకి ఒళ్లు మండింది. "నేనా? నేను కొట్టలేదా? పదకొండేళ్లుగా కొడుతున్నా ఇక్కడ! నా టైపింగు తేడానో, ఈ తమ్ముడి బుర్ర తేడానో ఇవాళ తేలిపోవాల్సిందే. ఏదీ, ఈ లైన్లో తప్పు చూపించరా!" అని నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను చూపించలేకపోయాను. నాకే కనిపించడం లేదు. కంటికి కనిపించని గుర్తుల్ని కూడా చూపించమని ఎడిటర్‌కి చెప్పాను. అప్పుడు బయటపడింది. టీచరమ్మ గారి ఫైల్లో ప్రతి లైను చివరా, ఆఖరి అక్షరం తర్వాత, ఒక చిన్న చుక్క. అంటే అక్కడ ఒక ఖాళీ ఉంది. అన్ని పాటల్లోనూ, అన్ని లైన్లలోనూ, ఒక్కటి తప్పిపోకుండా.

"టీచరమ్మ గారూ!" అని మెట్ల కింద నుంచి కేకేశాను. పై నుంచి పాట ఆగింది. ఆవిడ గోడ పట్టుకుని నెమ్మదిగా దిగొచ్చి, నేను చూపించిన చుక్కల వైపు తెరకి ముక్కు ఆనించి చూసి, "ఓ అదా? అది తప్పు కాదు బాబూ, ఊపిరి" అన్నారు.

"ఊపిరేంటండీ?"

"లైను చివర పాడేవాళ్లు ఊపిరి తీసుకోవద్దూ? అక్క కొట్టినదాన్లో ఎక్కడా చోటే లేదు. జనం ఏమైపోతారు? అందుకని ప్రతి లైను చివరా ఆ పొడుగు మీట ఒకసారి నొక్కి ఊపిరి పెట్టాను."

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బాబాయి పొట్ట ఊగిపోయేలా నవ్వాడు. నేను నవ్వలేదు, ఎగిరి గంతేశాను. జబ్బు తెలిసిపోయింది! లైను చివరి ఖాళీల్ని పట్టించుకోవద్దని కంపేర్‌కి చెబితే సరి, మిగిలేవి అసలైన దిద్దుబాట్లే. అయితే నేను జాగ్రత్తపరుణ్ని. (ఈ మాట రాస్తుంటే నా చెయ్యి నన్నే వెక్కిరిస్తోంది.) ఎందుకైనా మంచిదని, ప్రయోగాలు చేసేముందు అక్క ఫైలుకి ఇంకో పేరుతో ఒక కాపీ తీసుకుందామనుకున్నాను. కొత్త పేరు మొత్తం కొట్టే ఓపిక లేక, అక్కడ కనిపిస్తున్న పేర్లలో ఒకదాన్ని నొక్కి దాని చివర 'కాపీ' అని తగిలిద్దామని చూశాను. నొక్కింది 'పాటలు టీచర్' మీద. ఒకసారి నొక్కాల్సింది, ఉత్సాహంలో రెండుసార్లు నొక్కాను. వెంటనే ఒక పెట్టె లేచి, 'ఈ పేరుతో ఫైలు ముందే ఉంది, దాని మీద రాసేయమంటారా?' అని అడిగింది. వద్దు అనబోతున్నాను. సరిగ్గా అప్పుడే పక్క గోడౌనులో లారీ తలుపు ధడాలున దించారు.

తుమ్మేటప్పుడు కళ్లు తెరిచి ఉంచగలిగినవాణ్ని నేనింతవరకు చూడలేదు. వరసగా మూడు తుమ్ములు. వేళ్లు ఏ మీట మీద పడ్డాయో ఆ పైవాడికే తెలియాలి. కళ్లు తుడుచుకుని చూస్తే ఆ పెట్టె లేదు. వద్దనే నొక్కి ఉంటాను అనుకున్నాను. అనుకోవడానికి కారణమేమీ లేదు, నేను కాబట్టి సరిగ్గానే నొక్కి ఉంటాననే నమ్మకం. ఫైళ్లు మూసి, మళ్లీ తెరిచి, ఖాళీల్ని పట్టించుకోవద్దని చెప్పి, మళ్లీ కంపేర్ నొక్కాను. ఎరుపు మొత్తం మాయమైంది. ఒక్క మచ్చ కూడా లేదు. 'రెండు ఫైళ్లూ ఒక్కటే. తేడాలు లేవు' అంది ఎడిటర్.

"తేడాల్లేవ్!" అని అరిచాను. "బాబాయ్, ఒక్క తేడా కూడా లేదు! క్లీన్!" అక్క చప్పట్లు కొట్టింది, తన టైపింగు గెలిచిందని. బాబాయి గల్లాపెట్టె మీద చరిచి, "మా వాడంటే మావాడేరా! బజ్జీలు తెప్పిస్తా, టీ తెప్పిస్తా, ఏం కావాలో చెప్పు" అని వీధిలోకి కేక వేశాడు. నేను కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకుని, గుంటూరు జిల్లాలోకెల్లా తెలివైనవాడు ఎలా కూర్చుంటాడో అలా కూర్చున్నాను. అలా కూర్చున్నది నాలుగు నిమిషాలకు మించదు.

టీచరమ్మ గారు కళ్లజోడు సర్దుకుని, చాలా మెల్లగా అడిగారు. "బాబూ, తేడాలు లేవంటే మంచిదేనా?"

"మంచిదే కదండీ, తప్పుల్లేవన్నమాట!"

"అది కాదు బాబూ. అక్క కొట్టిందీ నేను దిద్దిందీ ఒక్కటే అయితే, నేను దిద్దినవి ఏమైనట్టు?"

బజ్జీల మాట ఆగిపోయింది. టీ మాట ఆగిపోయింది. నేను ఆవిడ ఫైలు తెరిచి ఆ పాట వెతికాను. 'మా పాములు క్షమించు' అని ఉంది. నిన్నటిదాకా అక్కడ పాపములు ఉండేవి, నా కళ్లతో నేను చూశాను. వంటలన్నీ వంటలుగానే ఉన్నాయి. లైను చివర చుక్కలూ లేవు. మూడు తుమ్ముల్లో నేను నలభై రోజుల పని చెరిపేశాను. ఆ క్షణంలో నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. తిడతారేమో అనుకున్నాను, తిట్టినా బాగుండేది. టీచరమ్మ గారు స్టూలు మీద కూర్చుని, కళ్లజోడు తీసి, పమిట చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకోలేదు. "మళ్లీ దిద్దాలంటే ఈ కన్ను రాదు బాబూ. కాగితం మీదైనా రాసుకుంటానన్నాను కదా" అన్నారు. అందులో నిష్ఠూరం కూడా లేదు. అందుకే ఇంకా గట్టిగా తగిలింది. అక్క వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు ఇక్కడ రాయలేను.

"పైన ఆవిడ కంప్యూటర్లో ఉండదట్రా?" అన్నాడు బాబాయి.

"ఉండదు బాబాయ్, దానికి సొంతంగా ఏమీ ఉండదు, ఉన్నదంతా ఇక్కడ సర్వర్లోనే" అన్నాను ఏడుపు గొంతుతో. అంటూనే చూశాను, పై కంప్యూటరు అసలు నెట్‌వర్క్‌లోనే కనిపించడం లేదు.

"ఆ లైట్ల డబ్బా నేనే ఆపాను బాబూ, పొద్దున" అన్నారు టీచరమ్మ గారు. వైర్లన్నీ కలిసే ఆ డబ్బాని ఆవిడ బల్ల పక్కనే పెట్టాను. "ఆ పచ్చ లైట్లు టకటకా కొట్టుకుంటుంటే ఉన్న కన్ను లాగేస్తోంది. నా పాట తాళానికీ కలవదు."

"అదీ సంగతి!" అని బాబాయి లేచాడు. "డబ్బా ఆపేస్తే పాటలెక్కణ్ణించి వస్తాయి? అన్నీ అందులోనే ఇరుక్కుపోయుంటాయి. నేను పోయి ఆన్ చేసొస్తా, చూడండి, బిలబిలా వచ్చేస్తాయి" అంటూ మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఎక్కనీలే, ఆన్ చేస్తే ఏమవుతుంది, పోయింది పోయింది కదా అనుకున్నాను. టీచరమ్మ గారు ఎవరితోనో కాదు, తనలో తాను అన్నట్టు అన్నారు. "డబ్బా ఆపాక కూడా పాటలు బానే కనబడ్డాయే. ఇప్పటిదాకా చూసుకుంటూ పాడుతూనే ఉన్నాను. పాములన్న చోట పాపములే ఉన్నాయి."

డబ్బా ఆపాక కూడా!

నేను చేసి, నేనే మర్చిపోయిన ఏర్పాటు అప్పుడు తలకెక్కింది. సర్వర్ అందకపోతే చివరిసారి చూసిన కాపీని ఆ కంప్యూటరే దాచుకుంటుంది! అంటే పైన ఉంది! నలభై రోజులూ పైన భద్రంగా ఉన్నాయి! ఆ ఆనందం సగంలో ఉండగానే మిగతా సగం గుర్తొచ్చి ప్రాణం పోయింది. డబ్బా ఆన్ చేసిన మరుక్షణం అది రెండు కాపీల్నీ సరిచూస్తుంది. ఏది కొత్తదో దాన్ని పాతదాని మీద రాసేస్తుంది. కొత్తది ఏది? ఇందాక నేను తుమ్మింది! బాబాయి ఆ మీట నొక్కాడంటే ఉన్న ఒక్క కాపీ కూడా పాముల పాలవుతుంది!

"బాబాయ్! ఆగు!" అని మెట్ల మీదికి దూకాను. మెట్ల నిండా కాగితం రీముల కట్టలు. మొదటి కట్ట దాటాను, రెండోది తన్నుకుని మోకాలు కొట్టుకుంది, మూడోదాని మీద నుంచి పాకాను. బాబాయి మోకాళ్ల నొప్పులకి జీవితంలో మొదటిసారి దండం పెట్టుకున్నాను. కానీ ఆరోజు ఆయనకి ఎక్కడలేని హుషారూ వచ్చింది, అప్పటికే పై గదిలోకి వెళ్లిపోయాడు. నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఒంగుని, స్విచ్చి మీద వేలు పెట్టేసి ఉన్నాడు.

"ముట్టుకోవద్దు! ముట్టుకుంటే అంతే!" అని గుండె పగిలేలా అరిచాను.

బాబాయి షాకు కొడుతుందనుకుని, రెండు చేతులూ పైకెత్తి, కళ్లు గట్టిగా మూసుకుని గోడకి అంటుకుపోయాడు. "ఒరేయ్, పట్టేసిందా? నన్ను పట్టేసిందా?" అంటున్నాడు. నేను వెళ్లి డబ్బా వైరు మొత్తం గోడలోంచి పీకేసి, ఒళ్లో పెట్టుకుని కింద కూలబడ్డాను.

ఈలోగా అక్క టీచరమ్మ గారిని నడిపించుకుంటూ పైకి వచ్చింది. కంప్యూటరు ముందు కూర్చోబోయాను. అక్క నా చొక్కా కాలరు పట్టుకుని లేపింది. "నువ్వు ముట్టుకోకు తమ్ముడూ. గోడౌనింకా మూయలేదు. చేతులు పైకెత్తి పక్కన నిలబడి ఏం చెయ్యాలో చెప్పు, నేను చేస్తా." చేతులెత్తాను. (బాబాయి ఇంకా దించలేదు. ఇద్దరం చెరో పక్కన, దొంగల్లా నిలబడ్డాం.) అక్క ఫైలు తెరిచింది. మొదటి పేజీలో తప్పులేవీ లేవు కాబట్టి, ఇది దిద్దిందో కాదో చూస్తే తెలియడం లేదు. "అక్కా, ఏదైనా ఒక లైన్లో ఎండ్ మీట నొక్కు, లైను చివరికి పోతుంది" అన్నాను. నొక్కింది. కర్సరు ఆఖరి అక్షరం పక్కన ఆగలేదు. ఒక్క అడుగు అవతలికి జరిగి, అక్కడ నిలబడి మిణుకుమంది.

"ఉందా బాబూ ఊపిరి?" అన్నారు టీచరమ్మ గారు.

"ఉందండీ! ఉంది! ఊపిరుంది!" అని గంతులేశాను. "ఊపిరుందంట! బతికిందంట!" అని బాబాయి కిటికీలోంచి వీధి దద్దరిల్లేలా అరిచాడు. ఎందుకు వీధికి చెప్పాడో నాకిప్పటికీ తెలియదు, సంతోషం పట్టలేకపోయాడంతే. పక్క గోడౌను హమాలీలు ఆ కేక విని, ప్రెస్సులో ఎవరికో ప్రాణం మీదికొచ్చిందని టిక్కీలు అక్కడే పడేసి, ఒకాయన నీళ్ల చెంబుతో, ఒకాయన వాసన చూపించడానికి సగం కోసిన ఉల్లిపాయతో మెట్లెక్కి వచ్చేశారు. వాళ్లతోపాటు వాళ్ల ఒంటికి పట్టిన మిరపఘాటు కూడా వచ్చింది. ఇక చూడండి, పై గదిలో అందరికీ వరసగా తుమ్ములు. అక్క మాత్రం ముక్కు కొంగుతో గట్టిగా మూసుకుని, ఒంటిచేత్తో ఆ ఫైలుని పెన్ డ్రైవులోకి ఎక్కించి, పెన్ డ్రైవుని కొంగున ముడేసుకుంది.

తర్వాత కంపేర్ మళ్లీ నడిపాం, అక్క చేత్తోనే. ఈసారి సరిగ్గా ఉండాల్సిన చోటల్లా ఎరుపు. పాములు ఒక వైపు, పాపములు ఒక వైపు. వంట ఇటు, పంట అటు. టీచరమ్మ గారు తెరకి ముక్కు ఆనించి ఒక్కో ఎరుపు దగ్గరా ఆ లైను పాడారు, హమాలీల్లో ఆ సంఘం వైపు వాళ్లెవరో ఉన్నట్టున్నారు, గొంతు కలిపారు. గురువారం అచ్చు మొదలైంది. లైను చివరి ఖాళీల్ని తీసేయాలా అని అక్క అడిగితే నేనే వద్దన్నాను. అచ్చులో ఎవరికి కనపడతాయి, ఉండనివ్వు అన్నాను.

ఆదివారం మేమందరం ఆ ఊరు వెళ్లాం. చర్చి ముందు మిరపకాయల రాశి, పక్కనే పత్తి. టీచరమ్మ గారు పుస్తకం చేతిలో పట్టుకుని ముందు వరసలో నిలబడ్డారు. ఆవిడకి అందులో అక్షరాలు కనిపించాయో లేదో తెలియదు, పేజీలు మాత్రం సరిగ్గా తిప్పారు. ప్రతి లైను చివరా అందరూ కలిసి ఒక్కసారిగా ఊపిరి తీసుకోవడం నాకు వినిపించింది. ఎప్పుడైనా జనం అలాగే పాడతారని ఇప్పుడు తెలుసు. ఆరోజు మాత్రం అది మేము అచ్చేసిన ఊపిరే అనుకుని, వెనక వరసలో నిలబడి కళ్లు తుడుచుకున్నాను. అడిగినవాళ్లకి మిరపకాయలని చెప్పాను.

మా ప్రెస్సులో ఆ మర్నాటి నుంచి 'తుమ్ము వచ్చినచో చేతులెత్తేయవలెను' అని ఒక బోర్డు వెలిసింది. అది చూసి ఇద్దరు ముగ్గురు బేరగాళ్లు, పని మధ్యలో చేతులెత్తేసే ప్రెస్సు మనకెందుకని వెళ్లిపోయారు కూడా. నెల తర్వాత టీచరమ్మ గారు ఫోన్ చేశారు. ఆపరేషన్ చేసిన కన్ను బాగా కనిపిస్తోందట, పుస్తకం మళ్లీ మొదట్నుంచీ చదివారట. "బాబూ, నూట పన్నెండో పాటలో ఒక వంట మిగిలిపోయింది. అక్కా తప్పు కొట్టింది, నేనూ తప్పే చూశాను. నీ యంత్రం చెప్పలేదా?" అన్నారు. ఇద్దరూ ఒకే తప్పు చేస్తే కంపేర్ నోరెత్తదని ఆవిడకి చెప్పాను. ఆ పాట కోత పండుగ నాడు, బయట ఊరంతా కలిసి తినే ప్రేమవిందుకి అన్నాలు వండుతుండగా పాడే పాట. జనానికి ఆ వంట నచ్చేసింది. ఇప్పుడు ఎవరైనా పంట అని పాడితే, పక్కవాళ్లు పుస్తకం తెరిచి చూపించి దిద్దుతున్నారట. ఏటా పండుగ మర్నాడు ఆవిడ ఫోన్ చేసి, "ఈ ఏడు కూడా వంటే పాడారు బాబూ" అని నవ్వుతారు.

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయొకతె నా దగ్గరికి వచ్చింది. "సార్, ఏమనుకోకండి. మీరు రాసిన ఫైల్లో ప్రతి లైను చివరా ఒక ఖాళీ ఉంటోంది. కంపేర్ పెడితే తెరంతా ఎర్రగా వస్తోంది. సింపులే సార్, నిమిషంలో తీసేస్తాను" అంది. అలవాటైపోయింది, లైను అయ్యాక నా బొటనవేలు నాకు చెప్పకుండానే ఆ పొడుగు మీట నొక్కేస్తుంది. లోపల్నుంచి ఆ ఇరవై రెండేళ్లవాడు "ఓస్, ఇదేనా!" అంటూ లేవబోయాడు. వాణ్ని చేతులు పైకెత్తి పక్కన నిలబడమని చెప్పి, "ఏమోనమ్మా, చూద్దాం" అని, నేనొకసారి ఊపిరి పీల్చుకున్నాను.